డాబా మీద పడిన వానను ఇంటికీ నేలకూ పంచడం ఎలా

మన పట్టణాలలో ఇంటి నిర్మాణానికి అనుమతి కోరుతూ సమర్పించే ప్లానులో ఇంకుడు గుంత ఏదో ఒక మూలన తప్పనిసరిగా కనిపిస్తుంది. ఇల్లు పూర్తయ్యాక అదే మూలకు వెళ్లి చూస్తే చాలాచోట్ల టైల్స్ పరిచిన నేలగానీ, ఒండ్రుతో నిండి గడ్డి మొలిచిన గోతిగానీ ఎదురవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దానినే అందరూ వాల్టా అంటారు. పొరుగున తమిళనాడు 2003లో భవనాలన్నిటికీ వాన నీటి సేకరణను తప్పనిసరి చేసింది. చట్టం గుంత తవ్వించగలదు కానీ ఏటా దానిని శుభ్రం చేయించలేదు. గుంత ఎంత లోతుగా ఉందన్న దానికంటే, దానిలోకి దిగే నీరు ఎంత శుభ్రంగా ఉందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అంతేకాక, నేలలోకి పంపడానికి ముందు ఇంట్లో వాడుకోగలిగినంత నీటిని నిలవ చేసుకోవడం గృహస్థుకు ఎక్కువ లాభం. ఈ రెండు విషయాలను మనసులో ఉంచుకొని, సొంత డాబా ఇల్లు ఉన్నవారు ఈ పనిని మొదటినుంచి చివరిదాకా ఎలా చేయించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో ప్రవేశిస్తుంది కనుక తవ్వకం, గొట్టాల పని రోహిణి కార్తెలోపే ముగించుకోవడం మంచిది. వానలు మొదలయ్యాక తవ్వితే గోడలు జారతాయి, తవ్విన మట్టి తిరిగి గుంతలోకే కొట్టుకువస్తుంది, పైగా ఆ సమయంలో ప్లంబరు దొరకడు.

ముందుగా లెక్క

ఒక చదరపు మీటరు మేర ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మిగిలిన లెక్క అంతా ఎవరైనా వేసుకోవచ్చు. 200 గజాల స్థలంలో కట్టిన ఇంటి డాబా సుమారు 120 చదరపు మీటర్లు, అంటే దాదాపు 1,300 చదరపు అడుగులు ఉంటుందనుకుందాం. కాంక్రీటు మీద పడిన నీటిలో తడికి పోయేది, ఆవిరయ్యేది, పిట్టగోడ దాటి చిమ్మేది తీసివేసి, నూటికి 80 వంతులు గొట్టంలోకి వస్తుందని అనుకోవడం క్షేమం. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడుతుంది కాబట్టి 120ని 800తోనూ, ఆ వచ్చినదానిని 0.8తోనూ హెచ్చిస్తే 76,800 లీటర్లు వస్తాయి. వేసవిలో మనం డబ్బు పోసి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లతో పోలిస్తే ఇది పదిహేను ట్యాంకర్ల నీరు. దేశంలోనే తక్కువ వాన పడే ప్రాంతాలలో ఒకటైన అనంతపురంలో, 550 మి.మీ. చొప్పున లెక్కవేసినా, అదే డాబా 52,800 లీటర్లు ఇస్తుంది.

అయితే ఏడాది మొత్తం ఎంతన్నది ఆశ పుట్టించడానికి పనికివస్తుంది గానీ తొట్టి కొలతకు పనికిరాదు. దానికి ఒక్క వానలో ఎంత వస్తుందో తెలియాలి. 20 మి.మీ. కురిసే మామూలు వానకు ఇదే డాబా నుంచి 1,920 లీటర్లు, 50 మి.మీ. పడిన గట్టి వానకు 4,800 లీటర్లు దిగుతాయి. గంటలో 25 మి.మీ. కురిస్తే ఆ గంటలో 2,400 లీటర్లు వస్తాయి. ఇంకుడు గుంతను నేను ఈ చివరి అంకెకే కొలుస్తాను. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన వాన లాంటిదాన్ని పట్టి ఉంచే గుంతను ఇంటి ఆవరణలో ఎవరూ కట్టలేరు, కట్టనక్కరలేదు. అటువంటి రోజున నీరు పొర్లి ఎటు పోవాలో ముందే దారి చూపిస్తే చాలు.

డాబా, తూములు, గొట్టాలు

నీటిని పట్టే పాత్ర డాబాయే కనుక దానిమీద ఏమేమి ఉన్నాయో ముందు చూడాలి. విరిగిన కుర్చీలు, మిగిలిపోయిన సిమెంటు బస్తాలు, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు, పావురాలు గూళ్లు పెట్టుకున్న డిష్ యాంటెన్నా మూల, ఇవన్నీ తీసివేయకుండా కింద ఎంత ఖరీదైన ఫిల్టరు పెట్టినా ఉపయోగం ఉండదు. డాబా మీద బట్టలుతికే చప్టా ఉంటే దాని సబ్బు నీరు వాన గొట్టంలో కలవకుండా వేరే గొట్టం వేయించాలి. కొత్తగా ఎండ తగ్గించే పూత వేయించుకునేవారు సున్నంగానీ, తెల్లటి సిమెంటు ఆధారిత పూతగానీ ఎంచుకుంటే నీటికీ ఇబ్బంది ఉండదు. తారు పూత వేసిన కప్పు నుంచి వచ్చే నీటికి వాసన పడుతుంది కనుక దానిని వంటకు, తాగడానికి కాకుండా నేలకే పంపాలి. పాత సిమెంటు రేకుల కప్పు విషయంలోనూ నా సలహా ఇదే.

డాబాకు వాలు నూరు అడుగులకు ఒక అడుగైనా ఉండాలి. బకెట్టుడు నీళ్లు నడుమన కుమ్మరించి, అవి తూముల వైపు పరుగెత్తుతున్నాయో మధ్యలోనే మడుగు కడుతున్నాయో చూస్తే వాలు సంగతి తెలిసిపోతుంది. గంటకు 100 మి.మీ. వేగంతో కురిసే జడివానకు నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పును దించగలదు. కాబట్టి మన 120 చదరపు మీటర్ల డాబాకు మూడు గొట్టాలు కావాలి. చాలా ఇళ్లలో ఖర్చు తగ్గుతుందని రెండేసి, అవి కూడా మూడంగుళాలవి వేస్తారు. జడివానలో డాబా చెరువై స్లాబు కారడం మొదలయ్యాకగానీ అది తప్పని తెలియదు. ప్రతి తూము నోటికి బోర్లించిన బుట్ట ఆకారంలో ఉండే జాలీ పెట్టాలి. నేలకు సమంగా పరిచే బల్లపరుపు జాలీని రెండు వేపాకులు, ఒక పాలిథిన్ సంచి చాలు మూసివేయడానికి.

తొలి వానను వదిలివేయడం

నడి వేసవి అంతా డాబా మీద పేరుకున్న దుమ్ము, పక్షుల రెట్టలు, ఎండుటాకుల పొడి మొదటి వానతో కిందికి వస్తాయి. ఆ తొలి వానలు రెండింటినీ పూర్తిగా కాలువకో మొక్కలకో వదిలివేయాలి. ఆ తరువాత కూడా, రెండు వానల మధ్య నాలుగైదు రోజులు ఎండ కాసినప్పుడల్లా, వాన మొదలైన తొలి నిమిషాల నీటిని పక్కకు మళ్లించాలి. ఇందుకోసం దించే గొట్టానికి మూడు నోళ్లుండే టీ జాయింటు ఒకటి కలిపి, దాని కింది కొసకు మూత బిగించిన నిలువు గొట్టాన్ని వేలాడదీస్తారు; ముందు వచ్చే మురికి నీరు దానిలో నిండి నిలిచిపోగా, వెనుక వచ్చే శుభ్రమైన నీరు దానిమీదుగా తొట్టి వైపు సాగిపోతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. తొలి నీరు కనీసం ఒక మిల్లీమీటరు వానకు సమానంగానైనా ఉండాలి. ఒక్కొక్క గొట్టానికి 40 చదరపు మీటర్ల కప్పు ఉంటే అది 40 లీటర్లు. నాలుగంగుళాల గొట్టం మీటరుకు దాదాపు 8 లీటర్లే పడుతుంది. కాబట్టి బజారులో అమ్మే రెండడుగుల తొలి నీటి గొట్టం ఐదు లీటర్లు నిండగానే చేతులెత్తేస్తుంది, మిగిలిన మురికంతా నేరుగా తొట్టిలోకి పోతుంది. 160 మి.మీ. గొట్టం వాడితే మీటరుకు దాదాపు 18 లీటర్లు పడతాయి కనుక రెండుంబావు మీటర్ల నిడివి సరిపోతుంది. ఒక అంతస్తు ఎత్తులో ఇది సులువుగా ఇముడుతుంది. కింది మూతకు సన్నటి రంధ్రం చేసి ఉంచితే వాన వెలిశాక ఆ నీరు చుక్కచుక్కగా కారిపోయి గొట్టం తరువాతి వానకు ఖాళీ అవుతుంది. ఆ రంధ్రం కింద ఒక కరివేపాకు మొక్క పెట్టుకుంటే సరి. ఇదంతా వద్దనుకునేవారు మామూలు వాల్వు బిగించుకొని, వాన మొదలైనప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పది నిమిషాలు తెరిచి ఉంచి మూయవచ్చు. ఖర్చు తక్కువే అయినా, వాన వచ్చినప్పుడు ఇంట్లో మనిషి ఉండాలి, ఆ మనిషికి గుర్తుండాలి.

మొదట ఇంటికి

ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల పాత మండువా ఇళ్లలో నాలుగు వైపుల చూరు నీరు నడిమి వాకిట్లో పడేది. వాన పడుతున్నప్పుడు చూరు కింద బిందెలు, గంగాళాలు వరుసగా పెట్టడం పిల్లలకు పని. వాన నీళ్లలో కందిపప్పు తొందరగా మెత్తబడుతుందని, తలకు కుంకుడురసం బాగా నురగ వస్తుందని పెద్దవాళ్లు చెప్పిన మాట నిజమే: బోరు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వాన నీటిలో దాదాపు ఉండవు. గీజరు, వాషింగ్ మెషీన్లలో తెల్లటి గార కట్టి ఏటా మెకానిక్కును పిలిపించుకునేవారికి ఈ ఒక్క గుణం చాలు.

నిలవ చేసుకోవడమే ముందు అనడానికి కారణం ఉంది. నలుగురున్న కుటుంబానికి, పట్టణ నీటి సరఫరా ప్రణాళికలలో మనిషికి రోజుకు 135 లీటర్లుగా తీసుకునే లెక్కన, 540 లీటర్లు అవసరమవుతాయి. 5,000 లీటర్ల తొట్టి తొమ్మిది రోజులు వస్తుంది. చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలు పది రోజులకొకసారైనా పలకరిస్తాయి కనుక అదే తొట్టి ఒక సీజనులో ఎన్నోసార్లు నిండి ఎన్నోసార్లు ఖాళీ అవుతుంది. అలా వాడుకున్న ప్రతి లీటరుకూ బోరు మోటారు ఆడనక్కరలేదు. నేలలోని నీరు నేలలోనే ఉంటుంది. నేలలోకి నీటిని దించడం ఎంత మేలో, నేలనుంచి తోడకపోవడం అంతకంటే ఖాయమైన మేలు.

ఫ్లోరైడు పీడిత ప్రాంతాలలో ఈ మాటకు మరింత బలం ఉంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. నల్లగొండ జిల్లాలో ఎన్నో ఊళ్ల బోర్లు ఈ హద్దును ఎంతో దాటినవే. పటికతోనూ సున్నంతోనూ ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అన్న పేరే స్థిరపడింది. రాతి పొరలను తాకని వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు కాబట్టి అటువంటి ఊళ్లలో డాబా నీటిని ముందు వంటకు, తాగడానికి నిలవ చేసుకొని, తొట్టి నిండాక పొర్లినదానినే గుంతకు పంపాలి.

తొట్టి కట్టేటప్పుడు నల్లా నీరు పట్టే సంపులోకి వాన నీటిని కలపకండి. ఒక్కరోజు ఫిల్టరు తప్పినా మొత్తం తాగే నీరు పాడవుతుంది. సంపును కొత్తగా కట్టేవారు మధ్యలో గోడ పెట్టి రెండు గదులుగా చేయించుకోవచ్చు. కట్టేసి ఉన్న ఇళ్లవారు దించే గొట్టం పక్కన రెండడుగుల ఎత్తు దిమ్మె కట్టి, దానిమీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి పెట్టుకొని, కుళాయి బిగించుకుంటే మోటారు లేకుండానే గిన్నెలు కడగడానికి, వాకిలి చల్లడానికి, మొక్కలకు నీరు వస్తుంది. ఈ పనిని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను చెప్పేది ఈ ట్యాంకుతోనే. ఒక్క రోజు పని, గుంత తవ్వడంలో ఉన్న ఇబ్బందులేవీ ఇందులో ఉండవు.

తొట్టికి ముందు ఫిల్టరు గది మూడడుగుల చదరం, మూడడుగుల లోతు ఉంటే మంచిది. అడుగున 40 మి.మీ. కంకర, దానిమీద 20 మి.మీ. కంకర, దానిమీద నైలాన్ జాలీ పరిచి, అన్నిటికంటే పైన కడిగిన దొడ్డు ఇసుక పోయాలి. ఇసుక పైన ఎందుకంటే మట్టి అంతా ఇసుక ఉపరితలం మీదే ఆగుతుంది. పై అంగుళం గీకి తీసివేసి కొత్త ఇసుక చల్లితే ఫిల్టరు మళ్లీ కొత్తదవుతుంది. కొందరు మేస్త్రీలు బొగ్గు పొర కూడా వేస్తారు. అది వాసనను పీల్చుతుంది కానీ ఏడాదికొకసారి మార్చకపోతే అదే మురికికి ఇల్లవుతుంది, మార్చేవారిని నేను అరుదుగా చూశాను. తొట్టికి వెలుతురు చొరని మూత, గాలి గొట్టానికి దోమతెర తప్పనిసరి: వెలుతురు పడితే పాచి పడుతుంది, సందు దొరికితే దోమ గుడ్లు పెడుతుంది.

ఈ నీటిని తాగాలనుకుంటే కాచి తాగాలి. తొట్టిలోనే శుద్ధి చేయాలంటే వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరును వేరే బకెట్టులో కలిపి, సున్నపు మడ్డి అడుగుకు దిగాక పై తేట మాత్రమే పోసి, గంటసేపు ఆగాలి. మూత తీసి నెలల తరబడి అటక మీద ఉంచిన పౌడరులో క్లోరిన్ మిగలదు.

గుంత తవ్వే ముందు నేలను అడగండి

తొట్టి నిండాక పొర్లే నీరు నేలకు పోవాలి. అన్ని నేలలూ ఒక్కలా తాగవు. గుంత తవ్వదలచిన చోట నాలుగైదు అడుగుల లోతుకు వెళ్లి, అడుగున అడుగు చదరపు గుంట ఒకటి చేసి, నీళ్లు నింపి, ఒకసారి పూర్తిగా ఇంకనిచ్చి, మళ్లీ నింపి గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. అంగుళం, అంతకు మించి దిగితే నేల బాగున్నట్టు. అర అంగుళం కూడా దిగకపోతే అది బంకమట్టి. అక్కడ గుంత దోమలకే పనికివస్తుంది. తెలంగాణలో చాలాచోట్ల పైన ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద గ్రానైటు ఉంటాయి. గుంత అడుగు మొరానికి చేరితే నీరు హాయిగా దిగుతుంది. నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త అవసరం: అది తడిసి ఉబ్బి, ఎండి బీటలు వారే నేల కాబట్టి పునాదికి దగ్గరగా నీరు వదిలితే గోడలు చీలతాయి. కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో వానాకాలంలో కొన్ని అడుగుల లోతులోనే నీరు ఊరుతుంది; అక్కడ తవ్వినది బావి అవుతుందే తప్ప ఇంకుడు గుంత కాదు, కనుక అక్కడివారు నిలవ మీదే దృష్టి పెట్టాలి. గుంత అడుగుకూ భూగర్భ జలమట్టానికీ నడుమ పది అడుగులైనా పొడి నేల ఉంటేనే నీరు వడగట్టుకుంటూ దిగుతుంది.

స్థలం ఎంపికలో సెప్టిక్ ట్యాంకుకు ముప్పై అడుగులు, పునాదికి పది అడుగులు దూరం ఉండేలా చూసుకోండి. నూరు గజాల ఇళ్లలో ఇది కుదరదు. కుదరనప్పుడు గుంత మానుకొని ట్యాంకు పెంచుకోవడం మేలు. ఈ మాట చెబితే కొందరు నొచ్చుకుంటారు గానీ, సెప్టిక్ ట్యాంకు ఊటను వాన నీటితో నెట్టి పొరుగింటి బోరులోకి పంపడం ఏ విధంగా చూసినా పర్యావరణ సేవ కాదు.

మన లెక్కకు 6.5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 6.5 అడుగుల లోతు గుంత చాలు. ఇది ఆరు ఘనమీటర్లు. రాళ్లతో నింపితే రాళ్ల నడుమ మిగిలే ఖాళీ నూటికి 40 వంతులే కాబట్టి ఒకేసారి 2,400 లీటర్లు పడుతుంది. అడుగున పెద్ద బండరాళ్లు, మధ్యలో 40 మి.మీ. కంకర, పైన 20 మి.మీ. కంకర, జాలీ, చివర అర అడుగు దొడ్డు ఇసుక. ఇటుక ముక్కలు, కూల్చిన గోడ శిథిలాలు నింపవద్దు. అవి నలిగి పొడై సందులన్నీ పూడ్చివేస్తాయి. స్థలం తక్కువగా ఉన్నవారికి సిమెంటు వరలు అనువైనవి: నాలుగడుగుల వ్యాసం, ఎనిమిదడుగుల లోతు వరల గుంత బోలుగా ఉంటుంది కనుక దాదాపు 2,800 లీటర్లు పడుతుంది, నిచ్చెన వేసి శుభ్రం చేసుకోవచ్చు కూడా. వరలకు రంధ్రాలు ఉండాలి, అతుకులకు సిమెంటు పూయకూడదు, చుట్టూ అర అడుగు మందాన కంకర కూరాలి. పైన పిల్లలు కదల్చలేని బరువైన మూత వేయాలి. మూసి ఉంచిన గుంతలోకిగానీ సంపులోకిగానీ ఒంటరిగా ఎవరినీ దించవద్దు; మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చి, పైన మరొకరు నిలబడి ఉన్నప్పుడే దిగాలి. లోపల ప్రాణవాయువు తగ్గి మనుషులు పోయిన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి.

గుంతకు ముందు, నీటితో వచ్చే మట్టిని ఆపడానికి రెండడుగుల చదరపు తొట్టి ఒకటి కట్టాలి; దీనినే మట్టి తొట్టి అంటున్నాను. వచ్చే గొట్టం, పోయే గొట్టం రెండూ దాని పై భాగంలోనే ఉంటాయి కాబట్టి బరువైన మట్టి అడుగున ఆగిపోతుంది. దీని విలువ నాకు మొదటి గుంత పాడయ్యాకే తెలిసింది. గుంత పని నిన్న పూర్తయిందనగా, డాబా మీద పిట్టగోడ పూతకు వాడిన తొట్లను పనివారు అక్కడే కడిగారు. ఆ సిమెంటు నీళ్లు గొట్టం వెంట వచ్చి ఇసుక పొరను గట్టి పలకగా మార్చేశాయి. రెండు వానలకు గుంత నిండి వాకిట్లోకి పొర్లింది. పై రెండడుగులూ తోడించి మళ్లీ నింపించవలసి వచ్చింది. ఇల్లు పెయింటు, ప్లాస్టరింగు, టైల్స్ పనులు అన్నీ ముగిసేదాకా గుంత గొట్టాన్ని గోనెగుడ్డతో బిగించి మూసి ఉంచమని అప్పటినుంచి అందరికీ చెబుతున్నాను.

గుంత నిండితే నీరు ఎటు పోవాలన్నది చివరి ప్రశ్న. ఇంటి గడప మట్టానికి కనీసం అడుగు కిందుగా పొర్లు గొట్టం పెట్టి తోటకో వీధి వాన కాలువకో కలపాలి. మురుగు కాలువకు మాత్రం కలపకూడదు, గట్టి వానకు మురుగు వెనక్కి తన్ని గుంతలోకి వస్తుంది.

బోరు పక్కన గుంత గురించి కొంత నిజం

ఆరడుగుల గుంతలో పోసిన నీరు ఎనిమిది వందల అడుగుల బోరుకు ఎలా చేరుతుందని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గ్రానైటు నేలలో నీరు రెండు చోట్ల ఉంటుంది: పై మెత్తటి మొరం పొరలో ఒకటి, కింది గట్టి రాతి పగుళ్లలో ఒకటి. బోరు వేసినప్పుడు మొరం కూలకుండా కేసింగ్ పైపు దింపి, గట్టి రాయి తగిలినచోట ఆపుతారు. నీరు ఆ కింది పగుళ్లనుంచి ఊరుతుంది. గుంతలోని నీరు ముందు మొరాన్ని నింపి, అక్కడినుంచి పగుళ్లు దొరికినచోట కిందికి దిగుతుంది. ఆ పగులు మీ బోరు వైపే పోతుందన్న హామీ లేదు. పక్క వీధి బోరుకు పోవచ్చు. కాబట్టి ఒక్క ఇంటి గుంత వల్ల ఆ ఇంటి బోరు మరుసటి ఏడాదే పొంగుతుందని చెప్పేవారిని నమ్మకండి. కాలనీలో సగం ఇళ్లు చేస్తే అందరికీ తేడా తెలుస్తుంది. కాకతీయులు 13వ శతాబ్దంలో పాకాల, రామప్ప వంటి చెరువులు తవ్వించినప్పుడు ఆయకట్టుతోపాటు దిగువ ఊళ్ల బావులూ ఊరాయి. ఏ బావి ఏ చుక్కతో ఊరిందో లెక్క ఎవరూ అడగలేదు.

బోరు చుట్టూ తవ్వి, కేసింగుకు రంధ్రాలు చేసి, జాలీ చుట్టి, రాళ్లు నింపే పద్ధతి మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. నీరు త్వరగా దిగుతుంది, నిజమే. కానీ మొరం చేసే సహజమైన వడపోతను అది దాటవేస్తుంది, పైగా కేసింగుకు చేసిన రంధ్రాన్ని తిరిగి పూడ్చలేము. పూర్తిగా ఎండి వదిలేసిన బోరుకే దీనిని ప్రయత్నించండి. అదికూడా మట్టి తొట్టి, ఇసుక ఫిల్టరు దాటిన డాబా నీటితోనే. వాకిలి కడిగిన నీరు, వీధి నీరు, కారు కడిగిన నీరు ఎట్టి పరిస్థితిలోనూ దానిలోకి పోకూడదు. నడుస్తున్న బోరు ఉంటే దానికి పది, పదిహేను అడుగుల దూరంలో మామూలు ఇంకుడు గుంత పెట్టుకుంటే చాలు. ఆవరణలో పాత చేదబావి ఉన్నవారు అదృష్టవంతులు. తాగడానికి వాడనిదైతే పూడిక తీయించి, ఫిల్టరు దాటిన నీటిని గొట్టంతో అడుగుదాకా దింపితే కొత్తగా తవ్వవలసిన పనే లేదు. గొట్టాన్ని పైనే వదిలితే ధార తగిలి బావి ఒడ్డు కోసుకుపోతుంది. చెత్త పోసి పూడ్చేసిన బావుల సంఖ్య తలచుకుంటే బాధ కలుగుతుంది.

అపార్టుమెంట్లలో కొలతలు పెద్దవవుతాయి తప్ప పద్ధతి మారదు. అక్కడ అసలు చిక్కు, శుభ్రం చేయించే బాధ్యత ఎవరిదన్నది. వాచ్‌మన్‌కు ఒక జాబితా, దానికి విడిగా కొంత సొమ్ము, సంఘం సమావేశంలో ఒక పేరు ఖాయం చేయకపోతే రెండో ఏటికే గుంత మూతమీద బైకులు నిలుస్తాయి.

ఏడాదిలో నాలుగు పనులు

మే నెల చివరన డాబా ఊడ్చి కడిగి, జాలీలు చూసి, ఫిల్టరు పై ఇసుక అంగుళం గీకించి, మట్టి తొట్టి తోడించాలి. జూలై, ఆగస్టులలో పదిహేను రోజులకొకసారి మట్టి తొట్టి మూత తీసి చూడాలి. సగం నిండితే తీయించాలి. వాన వెలిశాక రెండు రోజులు దాటినా గుంతలో నీరు నిలిచి ఉంటే ఇసుక పొర మూసుకుపోయిందని అర్థం. ఆ పై పొర మార్చినా దిగకపోతే కింది రాళ్లదాకా ఒండ్రు చేరినట్టు, అప్పుడు మొత్తం తీసి కడిగించక తప్పదు. మట్టి తొట్టిని పట్టించుకున్న ఇళ్లలో ఈ పెద్ద పని ఐదారేళ్లకొకసారి వస్తుంది, పట్టించుకోనిచోట రెండో ఏడే వస్తుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలవారికి అక్టోబరు, నవంబరు వానలే ముఖ్యం కనుక వారు మే నెల పనిని సెప్టెంబరులో మరొకసారి చేసుకోవాలి. స్వాతి కార్తె దాటి వానలు వెనుదిరిగాక తొట్టిలో చివరి నీటిని వాడేసి, అడుగు తుడిచి, ఒకరోజు ఎండనిచ్చి మూత బిగించాలి.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొని, వాన పడిన తేదీ, తొట్టి ఎంత నిండింది, గుంత ఎన్ని గంటల్లో ఖాళీ అయింది, ఆ నెల ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు అన్న నాలుగు గళ్లు నింపుతూ రండి. గుంత ఖాళీ అయ్యే గంటలు ఒక వానకూ మరో వానకూ పెరుగుతూ పోతుంటే, నీరు వాకిట్లోకి పొర్లక ముందే మేస్త్రీని పిలిపించుకోవచ్చు.